ఆగని గరిటె

అత్తగారు స్టూలు మీంచి లేవలేదు.

ఆదివారం పొద్దున్న ఆరింటికి వంటింట్లో కూర్చున్న మనిషి తొమ్మిదైనా కదల్లేదు. టీ అక్కడికే తెప్పించుకుంది. తరగాల్సిన కూరగాయలు ఒళ్లో పెట్టించుకుంది. ఆవిడకీ, స్టూలు మీది పల్చటి దిండుకీ మధ్య మడిచిన కాగితం ఒకటుందని ఇంట్లో అందరికీ తెలుసు. దాని మీద చిన్నకొడుకు నాలుగు వాక్యాలు రాశాడు. చివరిది ఇదీ: లాంచీ ఇసుకమేట ఎక్కడానికి కారణం పూర్తిగా నా తప్పే.

"అమ్మా, లే. ఎల్లుండి నాలుగింటికి విచారణ. ఆ కాగితం అక్కడ ఇవ్వాలి."

"ఇచ్చుకో. నేను వద్దన్నానా?"

"నువ్వు లేస్తేగా!"

"కాళ్లు తిమ్మిరెక్కాయిరా. తగ్గాక లేస్తాను."

"ఎప్పటికి తగ్గుతుంది?"

"బుధవారానికి."

పొయ్యి దగ్గరున్న కోడలు నవ్వాపుకోవడానికి గిన్నె మూత తీసి లోపలికి చూసింది. ఆమెని రేవులో అందరూ గాలమ్మ అంటారు. వాతావరణ కేంద్రంలో నేలకి దగ్గరగా తిరిగే గాలికి లెక్కలు కట్టడం ఆమె పని. ఆ పేరు పెట్టింది మరిదే. మొదట్లో వెక్కిరింపుగా అన్నాడు గానీ, ఇప్పుడు లాంచీ ఎక్కే కొత్తవాళ్లకి "మా గాలమ్మ వదిన" అని గర్వంగా చెబుతాడు.

మరిది లాంచీ సరంగు. పదకొండేళ్లుగా పొద్దుటి మొదటి లాంచీని ఏటికి అడ్డంగా నడుపుతున్నాడు. పోయిన మంగళవారం పొద్దున్న నడి ఏట్లో పొగమంచు కమ్మేసి, లాంచీ దారి తప్పి ఇసుకమేట ఎక్కింది. యాభైరెండు మందినీ పడవల్లో ఒడ్డుకి చేర్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకాయన చెప్పు మాత్రం పోయింది. ఆయన అరిచిన అరుపులకి యాభైరెండు మందీ మునిగిపోయారేమో అనుకున్నారు ఒడ్డున ఉన్నవాళ్లు. ఆ రోజే సరంగుని పని ఆపి ఇంట్లో కూర్చోమన్నారు. తప్పు అతనిదని తేలితే లైసెన్సు తీసేస్తారు.

"పదకొండేళ్లలో మంచులో ఒక్కసారి తాడు విప్పావురా నువ్వు?" అంది అత్తగారు, చిక్కుడుకాయ పీచు లాగుతూ. "లేదు. రేవంతా నిన్ను పిరికి సరంగు అన్నా విప్పలేదు. టిక్కెట్ల కిటికీ దగ్గర నీ మీద తిట్లన్నీ నేనే విన్నాను. మరి ఆ రోజు ఎందుకు విప్పావు?"

మరిది గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"అడుగుతున్నా నిన్నే."

"పొరపాటమ్మా. మనిషన్నాక పొరపాటు చెయ్యడా?"

"చేస్తాడు. చేసి, ఎలా చేశాడో చెబుతాడు. నువ్వు ఎలా చేశావో చెప్పడం లేదు. అంటే చెయ్యలేదన్నమాట."

ముప్ఫై ఏళ్లు రేవులో టిక్కెట్లిచ్చిన మనిషి ఆవిడ. కిటికీ అవతల ఎంతమంది అరిచినా కూర్చున్న చోటు నుంచి కదలకపోవడం ఆ ఉద్యోగం నేర్పిన విద్య.

పెద్దకొడుకు కళ్లజోడు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. ఆయనకి బజార్లో కళ్లజోళ్ల దుకాణం ఉంది. "ఏంటి, ఇంకా లేవలేదా?" అని భార్యని సైగ చేసి అడిగాడు.

"సైగలెందుకురా? నాకు కళ్లు కనిపిస్తున్నాయి. నువ్విచ్చిన అద్దాలేగా," అంది అత్తగారు.

*

విచారణకి వేసుకెళ్లాల్సిన ఖాకీ చొక్కా మంగళవారం నుంచీ కొక్కేనికే వేలాడుతోంది. మోచేతుల దగ్గర బురద ఎండి అట్ట కట్టింది. మధ్యాహ్నం గాలమ్మ దాన్ని పెరటి కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, నానబెట్టే ముందు అలవాటుగా జేబులు తడిమింది.

లోపలి జేబులో నాలుగు మడతల చీటీ ఉంది.

అది ఆమెకి బాగా తెలిసిన చీటీ. రోజూ తెల్లవారుజామున అయిదింటికి వాతావరణ కేంద్రం నుంచి రేవుకి వెళ్తుంది. గాలి ఎంత, చూపు ఎంత దూరం ఆనుతుంది, మంచు వస్తుందా రాదా, మూడే ముక్కలు. పోయిన మంగళవారం తేదీ ఉంది. చూపు నాలుగు కిలోమీటర్లు. పొగమంచు లేదు.

చీటీ అడుగున చిన్న అక్షరాలు: ఏటి గాలి, కొత్త లెక్క. రెండు నెలల నుంచి ఆ చీటీ ఆమె లెక్కతోనే తయారవుతోంది. వచ్చే నెల నుంచి దేశం మొత్తానికీ అదే లెక్క వాడబోతున్నారు.

ఆ రోజే రేవులో చీటీ ఏదని విచారణ అధికారి అడిగితే "నీళ్లలో పడిపోయింది సార్" అన్నాడు మరిది. ఆ మాట ఆమె చెవులారా విన్నది.

చొక్కా కుళాయి కిందే వదిలేసి మేడ మీదికి వెళ్లింది. మరిది అక్కడ తెగిన బట్టల తీగకి ముడి వేస్తున్నాడు. పని లేకుండా ఇంట్లో కూర్చోలేక అయిదు రోజుల్లో ఇంట్లో వదులైన ప్రతిదీ బిగించేశాడు. కిటికీ రెక్కలు ఇప్పుడు మూయడానికి రావడం లేదు, అంత బిగించాడు.

ఆమె చీటీ చూపించింది. అతను చూశాడు. ముడి ఇంకోసారి లాగాడు.

"నీళ్లలో పడిందన్నావు."

"జేబులు తడమడం మానవా వదినా నువ్వు?"

"మాట మార్చకు. ఆ రోజు ఏం జరిగింది?"

అతను గోడ మీద కూర్చున్నాడు.

"అవతలి ఒడ్డున పెంకుల ఫ్యాక్టరీ గొట్టం ఉంది కదా. రోజూ తాడు విప్పే ముందు దాని పొగ చూస్తాను. పొగ చెదిరి పైకి పోతుంటే పరవాలేదు. ఒక ఎత్తుదాకా లేచి, అక్కడ అడ్డంగా దుప్పటి పరిచినట్టు పడుకుంటే మాత్రం ఆగుతాను. పైనెవరో మూత పెట్టినట్టుంటుంది. అలాంటి రోజు అరగంటలో మంచు దిగుతుంది."

"ఆ రోజు?"

"దుప్పటి పరిచినట్టే ఉంది."

"మరి ఎందుకు విప్పావు?"

"చీటీ చూశాను. మంచు లేదని ఉంది. నా కళ్లు చదువుకోలేదు. చీటీ రాసిన మనిషి చదువుకుంది. మా వదిన నాకంటే మూర్ఖురాలా అనుకున్నాను. విప్పమన్నాను." అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "నేనేగా ఆ చీటీని లోకమంతా పొగిడింది. ఇప్పుడు అదే తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టి, మా వదినదే తప్పు అననా?"

"అనాలి."

"అనను."

"లైసెన్సు పోతుంది!"

"పోతే పోనీ. నీ డిగ్రీ కాగితాన్ని అమ్మ ఎక్కడ తగిలించింది?"

అటు పుట్టింట్లోనూ ఇటు అత్తింట్లోనూ మొదటి డిగ్రీ ఆమెదే. అత్తగారు దానికి ఫ్రేము కట్టించి కరెంటు మీటరు పక్కన తగిలించింది, మీటరు చూడ్డానికి వచ్చేవాడు కూడా చదవాలని.

"వదినా, ఈ మాట కిందికి రాకూడదు," అన్నాడు మరిది.

ఆమె సరే అనలేదు. కాదనీ అనలేదు.

*

సోమవారం పొద్దున్న కేంద్రంలో అందరికంటే ముందు ఆమే తాళం తీయించింది.

ఏం వెతకాలో తెలుసు. ఎక్కడ ఉంటుందో కూడా లోపల్లోపల తెలుసు. అయినా రెండు గంటలు వేరే చోట్ల వెతికింది. చివరికి దాని దగ్గరికే వచ్చింది. కంప్యూటరు లెక్కలో ఒకే ఒక వరుస. పక్కన ఏడేళ్ల కిందట ఆమే రాసుకున్న మాట: ప్రస్తుతానికి. తర్వాత చూడాలి.

పగలు ఎండకి నేల వేడెక్కితే దాన్ని ఆనుకున్న గాలి మరిగే నీళ్లలా కలియబడుతుంది. కింది వేడి పైకీ, పై చల్లదనం కిందికీ పోతాయి. ఆ సుడులు చేతిగుడ్డంత ఉంటాయి, వీధంత ఉంటాయి. కంప్యూటరు లెక్కలో ఒక్కో గడి ఊరంత. ఊరంత గడిలో చేతిగుడ్డంత సుడి ఎలా పడుతుంది? అందుకని ఈ వేళప్పుడు ఇంత కలియబడుతుందని చెప్పే సూత్రం ఒకటి రాసి లెక్కలో పెడతారు. ఆ సూత్రం రాయడమే గాలమ్మ ఉద్యోగం.

చిక్కంతా తెల్లవారుజామునే. మబ్బు లేని, గాలి ఆడని వేళ గాలి పొరలు పొరలుగా పేరుకుని నిలిచిపోతుంది. సూత్రం 'సున్నా' అంటుంది. కలియబెట్టేదేదీ లేక లెక్కలోని నేల చల్లబడుతూ, చల్లబడుతూ, ఎక్కడా లేనంత చల్లబడి, చివరికి లెక్కే ఆగిపోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఆమె లెక్క రోజూ ఇలాగే ఆగిపోయేది. విసిగిపోయి ఒక రోజు ఆ వరుస రాసింది: ఎంత నిలకడగా ఉన్నా, కలియబెట్టడం ఇంతకంటే తగ్గకూడదు.

లెక్క ఆగడం మానేసింది. అందరూ మెచ్చుకున్నారు. ప్రస్తుతానికి అన్నది ఏడేళ్లు ఉండిపోయింది.

అంటే ఏడేళ్లుగా, గాలి నిద్రపోయే వేళ కూడా ఆమె లెక్కలో ఎవరో గరిటె తిప్పుతూనే ఉన్నారు. పైనున్న పొడిగాలిని కిందికి దించి ఏటి తేమలో కలిపేస్తున్నారు. ఇక మంచు ఎలా కడుతుంది?

ఆమె ఆ వరుస తీసేసి పోయిన మంగళవారానికి లెక్క నడిపింది. మూడో గంట దగ్గర లెక్క ఆగిపోయింది, ఏడేళ్ల కిందట ఆగినట్టే.

పెద్దాయన పదింటికి వచ్చాడు. విభాగానికి అధికారి. ఆమెకి పని నేర్పినవాడు.

"సార్, గరిటె ఆగడం లేదు," అంది.

ఆయన ఆ వరుస చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇది అందరూ చేసేదేనమ్మా. ఏదో ఒక అడుగు హద్దు పెట్టని వాళ్లెవరు?"

"అందరి లాంచీలూ మేట ఎక్కలేదు సార్."

"విచారణ వాళ్లు మనల్ని అడిగింది ఒక్కటే. చీటీ వేళకి పంపామా లేదా. పంపాం. అంతవరకూ చెప్పు చాలు. వచ్చే నెల నీ లెక్క దేశమంతా వెళ్తోంది. మీ ఇంట్లో మొదటి డిగ్రీ నీది. ఆ సంగతి నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోను."

"మా మరిది మర్చిపోలేదు సార్. అందుకే తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు."

పెద్దాయన వేలితో బల్ల మీద గీత గీస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, టీ తెప్పించమని చెప్పి, తన గదిలోకి వెళ్లిపోయాడు. టీ ఇద్దరికీ వచ్చింది.

*

ఆ సాయంత్రం అన్నాలకి ముందే ఆమె చెప్పేసింది.

మరిదికి ఇచ్చిన మాటేమీ లేదు కాబట్టి తప్పింది కూడా ఏమీ లేదు. చీటీ తెచ్చి బల్ల మీద పెట్టింది. గరిటె సంగతి చెప్పింది. "తప్పు నాది అత్తయ్యా. రేపు విచారణలో అదే రాసిస్తాను."

"చెప్పొద్దన్నానా!" అన్నాడు మరిది.

"నువ్వుండు," అన్నాడు గాలమ్మ భర్త. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచాడు. "ఇద్దరికీ పిచ్చెక్కిందా? ఒకడు లైసెన్సు పోగొట్టుకుంటానంటాడు, ఒకతె ఉద్యోగం పోగొట్టుకుంటానంటుంది. పోటీ పెట్టుకున్నారా? మంచు వచ్చింది, లాంచీ ఆగింది. మంచుదీ తప్పు. వాళ్లనే తేల్చుకోనివ్వండి."

"అలా ఎలా కుదురుతుందండీ? వాడు నా చీటీని నమ్మాడు."

"వాణ్ణెవరు నమ్మమన్నారు?"

"నువ్వే అన్నయ్యా," అన్నాడు మరిది. "మొదటి చీటీ వచ్చిన రోజు, మీ వదిన లెక్కరా, కళ్లు మూసుకుని వెళ్లొచ్చు అన్నావు."

"అలంకారంగా అన్నాను!"

"కళ్లజోళ్లు అమ్మేవాడివి, అలాంటి అలంకారాలు ఎందుకు నీకు?"

ఎవరికైనా నవ్వు రావాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు. అందరూ స్టూలు వైపు చూశారు. అత్తగారు కొడుకులిద్దర్నీ కాక కోడల్నే చూస్తోంది.

గాలమ్మకి ఆ చూపు కంటే తిట్లే నయమనిపించింది. మీటరు పక్కనున్న ఫ్రేము వైపు చూడకుండా ఉండడానికి నేల వైపు చూసింది.

"అమ్మాయ్," అంది అత్తగారు చివరికి. "ఆ గరిటె ఎందుకు పెట్టావు?"

"లేకపోతే గాలి పూర్తిగా నిలిచిపోతుంది అత్తయ్యా. నిలిచిపోతే లెక్క చచ్చిపోతుంది. అందుకని ఎప్పుడూ కొంచెం కదులుతున్నట్టు పెట్టాను."

"ఎప్పుడూ? ఒకే మాదిరిగా?"

"ఆ."

అత్తగారు తల అడ్డంగా ఊపింది. "నువ్వెప్పుడూ కిటికీ లోపలి నుంచి వరుసని చూడలేదు. నేను ముప్ఫై ఏళ్లు చూశాను. లాంచీ ఆలస్యమైన రోజు జనం ఎలా ఉంటారో తెలుసా? కదలకుండా ఉంటారు. పది నిమిషాలు బొమ్మల్లా నిలబడతారు. వెనకాల కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు, లోపల ఒత్తిడి పేరుకుంటూనే ఉంటుంది. ఉన్నట్టుండి తోపు ఒకటి వస్తుంది. వెనక నుంచి ముందుదాకా వచ్చి నా కిటికీకి తగులుతుంది. ఒక్క నిమిషం. మళ్లీ అందరూ సర్దుకుని బొమ్మలైపోతారు. అంతేగానీ, రోజంతా సన్నగా, ఒకే మాదిరిగా తోసుకునే జనాన్ని నేను చూడలేదమ్మా. పూర్తిగా కదలని జనాన్ని కూడా చూడలేదు."

గాలమ్మ చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, మళ్లీ చెప్పండి."

"ఏది?"

"ఒత్తిడి పేరుకోవడం. తోపు. సర్దుకోవడం."

"అదే చెప్పాను కదా."

రెండేళ్లుగా ఆమె సొరుగులో సగం రాసిన పద్ధతి ఒకటి పడి ఉంది. సుడులకి ఎంత బలం ఉందో లెక్కలో దాచి, ఆ బలాన్ని బట్టి కలియబెట్టాలన్నది అందులోని ఆలోచన. నిలకడ వేళ ఆ బలం సున్నాకి దిగిపోతే ఏం చెయ్యాలో తోచక ఆపేసింది. దిగనివ్వాలి. నిలిచిపోనివ్వాలి. పైన జారే గాలి ఒత్తిడి పేరుకున్నాక ఒక్క తోపు వదలాలి. మళ్లీ నిలిచిపోనివ్వాలి.

"ఏమైంది దీనికి?" అన్నాడు భర్త.

"టిక్కెట్టు దొరికినట్టుంది," అంది అత్తగారు. అని, స్టూలు మీంచి లేచింది.

రెండు రోజుల్లో అందరూ చూస్తుండగా లేవడం అదే మొదటిసారి. కింద దిండు మీద కాగితం ఇస్త్రీ చేసినట్టుంది. అత్తగారు దాన్ని మడిచి కొడుకు చేతిలో పెట్టింది.

"ఇచ్చుకో. దీనిలో రాసింది నిజం కాదని ఇప్పుడు నాకు తెలుసు. తెలిశాక నాకు బాధ లేదు. అన్నాలు తినండి."

*

మంగళవారం మధ్యాహ్నానికి లెక్క మూడో గంట దాటింది.

నాలుగో గంట దాటింది. గాలి నిలిచింది, ఒక తోపు వచ్చింది, మళ్లీ నిలిచింది. అయిదు యాభైకి నడి ఏటి గడిలో మంచు కట్టింది. సరిగ్గా లాంచీ దారి తప్పిన వేళ. గాలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

అదే ఊపులో మర్నాటి తెల్లవారుజాముకి కూడా నడిపి, రెండూ అచ్చు తీసింది. వాటి కింద తన వాంగ్మూలం పెట్టి పెద్దాయన బల్ల మీద ఉంచింది. ఆయన మొత్తం చదివాడు. ఏడేళ్ల కిందటి ఆ వరుసని తనిఖీ చేసింది ఆయనేనని కూడా అందులో జతపరిచిన కాగితంలో ఉంది. ఆమె రాయలేదు. ఆ రోజుల రిజిస్టరులో ఉన్నదే అది.

"ప్రస్తుతానికి అన్న మాట నాకప్పుడు కనపడలేదంటావా?" అన్నాడు ఆయన. "కనపడింది. నేనూ ప్రస్తుతానికే అనుకున్నాను." కలం తీసి ఆమె సంతకం కింద తన సంతకం పెట్టాడు. "వచ్చే నెల సంగతి వచ్చే నెల చూసుకుందాం. వెళ్లు, నాలుగవుతోంది."

విచారణ గది బయట బల్ల మీద మరిది ఉతికిన చొక్కాలో కూర్చుని ఉన్నాడు. పక్కన అత్తగారు.

"మీరెందుకు వచ్చారు అత్తయ్యా?"

"వరుసలో ఎవరు ముందో చూడ్డానికి."

లోపల అధికారి ముందు రెండు కాగితాలు చేరాయి. ఆయన మొదటిది చదివాడు, రెండోది చదివాడు. మళ్లీ మొదటిది తీశాడు.

"ఇరవై రెండేళ్ల సర్వీసులో తప్పు నాదని రాసిచ్చినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. ఇవాళ ఒకే ఇంటి నుంచి ఇద్దరు. మీ ఇంట్లో ఏం తింటారండీ?"

"చిక్కుడుకాయలు," అంది తలుపు దగ్గర నుంచి అత్తగారు.

అధికారి నవ్వాడు గానీ, కాగితాల వైపు చూడగానే ఆ నవ్వు పోయింది. "చూడమ్మా. జరిగిపోయిన రోజుకి లెక్క సరిపోయేలా చేయడం ఎవరికైనా చేతనవుతుంది. మంచు వచ్చిందని మీకు ముందే తెలుసు. నేనెలా నమ్మను?"

గాలమ్మ మర్నాటి అచ్చు తీసి ఇచ్చింది. "ఇది రేపటిది సార్. కేంద్రం చీటీ ఇంకా ఆ గరిటె ఉన్న లెక్క మీదే నడుస్తోంది. రేపు మంచు లేదనే అంటోంది. ఇది ఉందంటోంది. అయిదున్నర దాకా గాలి ఆడుతుంది. ఆ తర్వాత పడిపోతుంది. ఆరింటికి ఏటి మీద మంచు."

అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. "మొదటి లాంచీ అయిదు నలభైకి. యాభై అరవై మంది పనులకి పోయేవాళ్లు. మీ కాగితం చూసి ఆపమంటారా?"

"ఆపాలి సార్."

"అలాగే. ఇక్కడ సంతకం పెట్టండి. ఆరుంపావు దాకా ఆపిస్తాను. నేనే రేవుకి వస్తాను." ఆయన మరిది వైపు తిరిగాడు. "మంచు దిగితే ఈవిడ కాగితం నమ్ముతాను, నువ్వు మళ్లీ చక్రం పట్టుకోవచ్చు. దిగకపోతే నీ కాగితమే నమ్ముతాను. అభ్యంతరం ఉందా?"

"పెట్టకు వదినా," అన్నాడు మరిది మెల్లగా. "నీ పేరు కూడా పోతుంది."

ఆమె సంతకం పెట్టింది. పదో తరగతి పరీక్షలో పెట్టినట్టు, అక్షరం అక్షరం విడివిడిగా.

*

బుధవారం అయిదున్నరకి రేవు కిటకిటలాడుతోంది.

గాలి ఆడుతూనే ఉంది. అవతలి ఒడ్డున పెంకుల ఫ్యాక్టరీ గొట్టం మీద పొగ ముక్కలు ముక్కలుగా చిరిగి కొట్టుకుపోతోంది. ఏరు ఆ చివరిదాకా తేటగా కనిపిస్తోంది. అవతలి ఒడ్డున ఎవరో సైకిలు తుడుచుకుంటున్నది కూడా కనిపిస్తోంది.

"ఏదమ్మా మంచు?" అన్నాడొకడు టిఫిను డబ్బా ఊపుతూ. "గాలమ్మ గారి సంచిలో ఉందా?"

"మా ఫ్యాక్టరీ సైరను మీ సంతకం చూసి ఆగుతుందా?"

బదిలీ సరంగు ఇంజను స్టార్టు చేసి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. అధికారి గడియారం చూసుకున్నాడు. అయిదు నలభై. అయిదు నలభై మూడు. మరిది ఒడ్డున తాడు కట్టిన గుంజ పక్కనే నిలబడ్డాడు, పదకొండేళ్ల అలవాటుగా. అతని చూపు పొగ మీదే ఉంది.

జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. అధికారి రెండు చేతులూ చాచినా ఆగలేదు. "విప్పండయ్యా తాడు!" అని ఎవరో అరిచారు, దానికి పదిమంది వంత పాడారు. అధికారి గాలమ్మ వైపు చూసిన చూపులో ఇంక ఆపలేనని ఉంది.

అప్పుడు వెనక నుంచి, "తప్పుకోండి, తప్పుకోండి, వరుసలో రండి," అని ముప్ఫై ఏళ్లు రేవంతా విన్న గొంతు వినిపించింది. జనం తెలియకుండానే దారి ఇచ్చారు. పెద్దకొడుకు చేత వంటింటి స్టూలు మోయించుకుని అత్తగారు వస్తోంది.

లాంచీ ఎక్కే పలక మీద, నట్టనడుమ, స్టూలు వేయించింది. దిండు సర్దుకుని కూర్చుంది. కాళ్లు చాపుకుంది.

"ఏంటమ్మా ఇది? లేవండి!" అన్నాడు టిఫిను డబ్బా మనిషి.

"కాళ్లు తిమ్మిరెక్కాయి నాయనా," అంది ఆవిడ. "మా కోడలు చెప్పేదాకా తగ్గవు."

నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు, గొణిగేవాళ్లు గొణిగారు. గాలమ్మ ఆ రెండూ వినలేదు. చెవి పక్కన ఎగురుతున్న జుట్టు చెంప మీదికి వాలి, అలాగే ఉండిపోయింది. ఆమె చెయ్యెత్తి తడిమి చూసుకుంది. జుట్టు కదలడం లేదు.

"వదినా," అన్నాడు మరిది, గుంజ మీద చెయ్యి తీయకుండా. "పొగ చూడు."

చిరుగుతున్న పొగ అతుక్కుంది. నిటారుగా లేచింది. గొట్టానికి రెండంతల ఎత్తుదాకా వెళ్లి, అక్కడ ఆగింది, ఎటు పోవాలో ఆలోచిస్తున్నట్టు.

అయిదు యాభై ఒకటి. ఏటి మీద ఇంకా ఏమీ లేదు.